దీపపు బల్ల

ఉత్తరం మూడుసార్లు వచ్చింది.
మొదటిది బ్రెడ్డు డబ్బా వెనక్కి పోయింది,
రెండోదాని వెనక ఉల్లిపాయలు, పిల్లి మేత అని రాసుకున్నాను.
మూడోది చదివాను.
నిప్పు లేనిదే పొగ రాదంటారు కదా,
నేను పొగ మానేసి పదకొండేళ్ళు.
లోపలెక్కడైనా నిప్పు మిగిలిందేమో
ఒకసారి చూద్దాం రమ్మంటున్నారు.

గ్రిమ్స్‌బీలో, సూపర్ మార్కెట్ కార్ల పార్కింగులో
ట్రాలీల వరస పక్కన ఆగి ఉంది తెల్ల ట్రక్కు.
ఆసుపత్రి అనుకోకూడదని కాబోలు
దాని మీద పొద్దుతిరుగుడు పూలు వేశారు.
సముద్రపు గాలి పూలకేం లొంగలేదు,
మెట్లెక్కుతుంటే స్కార్ఫు లాగేసింది.

నర్సు పేరు డొరోటా. మెత్తగా అడిగింది,
ఎన్నేళ్ళు, రోజుకి ఎన్ని?
పదహారో ఏట మొదలు, యాభై ఆరు దాకా, రోజుకో పెట్టె.
ఇద్దరు పిల్లలు కడుపున ఉన్నప్పుడు మానేశాను,
అది తీసెయ్యమ్మా లెక్కలోంచి, అన్నాను,
కూరగాయల కొట్టు దగ్గర బేరమాడినట్టు.
చేసుకున్నవాళ్ళకి చేసుకున్నంత అని
ఆమె అనలేదు.
అంటుందనుకుని ఇంటి దగ్గర్నుంచే
జవాబు కూడబలుక్కుని వచ్చాను.
ఎవరూ అడక్కపోయినా అది నోట్లో ఆగలేదు:

చేపల షెడ్డులో, డొరోటా,
గంటకోసారి ఐదు నిమిషాలు బయటికి వదిలేవాళ్ళు,
సిగరెట్ కాల్చేవాళ్ళని మాత్రమే.
కాల్చనివాళ్ళు మంచునీళ్ళలో చేతులు పెట్టి
కోస్తూనే ఉండాలి.
నాకు పదహారేళ్ళు. వేళ్ళకి స్పర్శ లేదు.
నేను కొనుక్కున్నది పొగాకా,
ఐదు నిమిషాల వెచ్చదనమా?
ఆమె తలూపి, ముప్పై ఎనిమిది అని రాసుకుంది.

తర్వాత బల్ల.
చేతులు తలపైకి చాపి పడుకోమంది.
గాలి పీల్చండి, అంది యంత్రం. బిగబట్టండి.
బిగబట్టాను.
అప్పుడు తెలిసింది, ఈ బల్ల నాకు కొత్త కాదని.

షెడ్డులో చివరి పన్నెండేళ్ళు నాది దీపపు బల్ల.
అద్దం కింద వెలుగు, అద్దం మీద కాడ్ చేప కండ.
వెలుగు కండలోంచి పాలలా పైకొచ్చేది.
అందులో నల్లచుక్క కనబడితే పురుగు.
కత్తి మొనతో తీసెయ్యడం, ముక్క ముందుకి తొయ్యడం.
రోజుకెన్ని వందలో.
ఒక్క చేపా నన్నడగలేదు,
ఏం కనబడింది లినెట్, అని.

ఊపిరి వదలండి, అంది యంత్రం.

మూడు వారాలకి కాగితం.
కుడి ఊపిరితిత్తి పైభాగంలో చిన్న చుక్క, ఆరు మిల్లీమీటర్లు.
చాలామందిలో ఇలాంటివి ఏమీ కావు, మూడు నెలలకి మళ్ళీ రండి.
గుండె నాళాల్లో కాస్త సున్నం కూడా పేరుకుంది, మీ డాక్టరుకి చూపించండి.
ఒకటి వెతకబోతే ఇంకోటి దొరకడం
పాత ఇల్లు సర్దినప్పుడల్లా ఉండేదే.

ఆ రాత్రి స్కేలు తీసి ఆరు మిల్లీమీటర్లు కొలిచాను.
ఎండు బఠాణీ కన్నా కాస్త చిన్నది.
దాని మీద పడుకుంటే నిద్రెక్కడ పడుతుంది?
ప్రతి చుక్కా పురుగు కాదు, నాకు తెలీనిదా!
కొన్ని గడ్డకట్టిన నెత్తురు, కొన్ని ఉత్త నీడ.
తేలనివాటిని పక్క ట్రేలో పెట్టేవాళ్ళం,
కళ్ళు తేటపడ్డాక మళ్ళీ చూద్దామని.
ఇప్పుడు పక్క ట్రేలో నేనున్నాను.

తమ్ముడు డెస్మండ్‌కీ వచ్చాయి ఉత్తరాలు.
ట్రాలర్లు పోయి ఎన్నాళ్ళో అయినా
రోజుకి పదిహేను చుట్టుకుంటాడు ఇంకా.
తెలియనంతకాలం లేనట్టే, అంటాడు.
ఈ ఉదయం రెండో స్కానుకి నన్ను దింపడానికి వచ్చాడు.
కారు దిగలేదు. అద్దం దించి
ఆ పొద్దుతిరుగుడు పూలనే చూస్తున్నాడు.
నేను మెట్ల దాకా వెళ్ళాక పిలిచాడు,
అక్కా, లోపల బాగా చలిగా ఉంటుందా?

వినబడింది.
గాలికి వినబడనట్టు
కారు దాకా వెనక్కి నడిచి
మళ్ళీ అడిగించుకున్నాను.